మా అల్లుడికీ నాకూ మధ్య ఒక పంపు

మా అల్లుడితో నాకు మాటల్లేక నాలుగేళ్ళు. మాటల్లేవంటే మొహాలు చూసుకోమని కాదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా కూర్చుని రెండు పూటలా తింటాం. "మీ అమ్మగారిని ఆ నీళ్ళ జగ్గు ఇటు జరపమను" అంటాడు ఆయన మా అమ్మాయితో. "జగ్గు మీ ఆయన మోచేతి పక్కనే ఉంది, చూసుకోమను" అంటాను నేను, అదీ మా అమ్మాయితోనే. ఈలోగా దాని కంచంలో అన్నం చల్లారిపోతుంది. మీ ఇద్దరి మధ్య తపాలా మోయలేక చస్తున్నానని అది రోజుకోసారి గొణుగుతుంది. గొణగనీ, కడుపున పుట్టినందుకు ఆ మాత్రం చెయ్యొద్దూ.

కారణం చెబితే మీరు నా వైపే మాట్లాడతారు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. రిటైరయ్యాక కూడా మా వీధిలో ఎవరికి సూది వెయ్యాలన్నా, బీపీ చూడాలన్నా మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. అలాంటి నన్ను పట్టుకుని, పక్కింటావిడ ఎదురుగా, "అత్తయ్యగారూ, మీరింక సూది పట్టుకోవద్దు" అన్నాడు. అన్నదెవరు? లిఫ్టులు బాగుచేసే మనిషి. నేనెప్పుడైనా వెళ్ళి నువ్వు స్పానర్ పట్టుకోవద్దు అన్నానా? ఆ రోజు నుంచి ఇద్దరం ఉప్పూ నిప్పూ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం మా అల్లుడు. నేనూ అదే రకం అనుకోండి, కాకపోతే నేను వయసులో పెద్దదాన్ని. ఈ కథలో ఇంకో ముక్క ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

సోమవారం పొద్దున ఏదో పన్నెండంతస్తుల ఆఫీసులో, పైన లిఫ్టు మోటారు గదిలో పనిచేస్తుంటే ఆయనకి దవడ లాగింది. పంటి నొప్పి అనుకున్నాడట. ఎడమ చెయ్యి లాగింది. బిగుసుకున్న బోల్టు తిప్పినందుకనుకున్నాడట. చెమటలు పట్టాయి. మోటారు గదిలో గాలాడదు కదా అనుకున్నాడట. ప్రతిదానికీ సమాధానం తనే చెప్పేసుకుని, ఆ బోల్టు బిగించేసి, మూడు గంటల తర్వాత తను బాగుచేసిన లిఫ్టులోనే కిందికి దిగి, వాచ్‌మన్ ముందు కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేసరికి ఒళ్ళు చల్లబడి, పెదాలు పాలిపోయి, పై బీపీ డెబ్బై దగ్గర కొట్టుకుంటోంది.

మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంటు వేశారు. అయినా బీపీ లేవలేదు. మూత్రం ఆగిపోయింది, పిలిస్తే పలకడం లేదు. అప్పుడొచ్చింది మా చిన్న డాక్టరమ్మ. వయసులో చిన్నే, మనిషి అంతకంటే చిన్న, మంచం కమ్మీ మీంచి తల కనబడుతుందంతే. కార్డియోజెనిక్ షాక్ అని చెప్పింది. షాక్ అనగానే నాలో నర్సు లేచింది. "కాళ్ళు ఎత్తిపెట్టి సెలైన్ స్పీడుగా ఎక్కించండమ్మా" అన్నాను.

"ఆ షాక్ వేరండీ" అంది ఆ పిల్ల ఓపిగ్గా. "అక్కడ ఒంట్లో రక్తం తక్కువవుతుంది. ఇక్కడ రక్తం ఉంది, తోసేవాడు పడిపోయాడు. ఇప్పుడు సెలైన్ పోస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది."

"మరి గుండె గట్టిగా కొట్టుకోవడానికి మందులు?"

"ఇస్తున్నాం. కానీ ఆ మందులు అలిసిపోయిన ఎద్దుని ముల్లుకర్రతో పొడిచినట్టు. బండి నాలుగడుగులు కదులుతుంది, ఎద్దు ఇంకా అలిసిపోతుంది. మీ అల్లుడి గుండె కండ చాలావరకు చావలేదు, సొమ్మసిల్లింది. కొన్నాళ్ళు దాని బరువు ఇంకొకరు మోస్తే లేచే అవకాశం ఉంది."

ఆ ఇంకొకరే ఈ పంపు. పెన్సిలు కంటే సన్నం. తొడ దగ్గర రక్తనాళంలోంచి పైకి ఎక్కించి, దాని ముక్కు గుండె ఎడమవైపు కింది గదిలో పెట్టారు. అక్కడ నిలిచిన రక్తాన్ని పీల్చి, పైనున్న పెద్ద ధమనిలోకి వదులుతుంది. గుండె గది ఖాళీ అవుతుంది కాబట్టి అది ఉబ్బిపోదు, పని తగ్గుతుంది, దానికి కావలసిన ప్రాణవాయువూ తగ్గుతుంది. అదే సమయంలో బీపీ లేచి, గుండెకి వెళ్ళే రక్తం పెరుగుతుంది. ఒంటికి తిండీ ఆగదు, గుండెకి సెలవూ దొరుకుతుంది. ఇదంతా విని నేను అడిగింది ఒక్కటే. "ఎన్నాళ్ళు?"

"కొద్ది రోజులే. ఎక్కువ ఉంచితే నెత్తురు కణాలు ఆ పంపులో నలిగిపోతాయి. కాలికి రక్తం తగ్గచ్చు. ఈలోపు గుండె లేవాలి. లేవకపోతే..." అని ఆగిపోయింది. నర్సుకి ఆ తర్వాత వాక్యం చెప్పక్కర్లేదు.

రెండో రోజుకి మనిషి కళ్ళు తెరిచాడు. మంచం పక్కన ఒక స్తంభానికి ఆ పంపు నడిపే డబ్బా, దానికో తెర, సన్నటి రొద. లోపలికి ఒక్కరినే రానిస్తారు. రాత్రంతా కన్ను మూయని మా అమ్మాయిని చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. "పగలు నేను కూర్చుంటాలే, నువ్వు పడుకో" అన్నాను. "మీకు మాటల్లేవుగా" అంది. కూర్చోడానికి మాటలెందుకు అన్నాను.

కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను. మధ్యలో మోసేందుకు మా అమ్మాయి లేదు. పావుగంట గడిచింది. ఆయన పెదాలు ఎండిపోయాయని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఆ డబ్బా వైపు తిరిగి, "పెద్దమనిషీ, గొంతు తడుపుకుంటాడేమో అడుగు" అన్నాను. తగువు తీర్చడానికి మధ్యలో ఒక పెద్దమనిషి ఉండాలి కదా, ఉన్నది అదొక్కటే.

ఆయన డబ్బా కేసి చూశాడు, నా కేసి చూశాడు. "పెద్దమనిషీ" అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో, "రెండు చెంచాలు చాలని చెప్పు."

అలా మొదలైంది. పెద్దమనిషి ద్వారా మేము ఆ రెండు రోజుల్లో మాట్లాడుకున్నంత నాలుగేళ్ళలో మాట్లాడుకోలేదు. కాలు మడవద్దని నేను చెప్పించేదాన్ని, ఆ కాల్లోంచే కదా పంపు గొట్టం వెళ్ళింది. కాలు తన ఒంటికి ఉందో లేదో కూడా తెలియట్లేదని ఆయన చెప్పించేవాడు. డబ్బాలో పంపు వేగానికి తొమ్మిది మెట్లున్నాయి, మనం ఎనిమిదో మెట్టు మీద ఉన్నాం అని చిన్న డాక్టరమ్మ చెబితే, "పెద్దమనిషి ఎనిమిదో అంతస్తులో ఉన్నాడన్నమాట" అని తేల్చేశాడు. వార్డు సిస్టర్ ఒకమ్మాయి మొదట్లో మమ్మల్ని వింతగా చూసింది. తర్వాత తనే, "పెద్దమనిషిగారూ, పేషెంటుకి బీపీ పెంచే మందు తగ్గిస్తున్నానని చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ వార్డులో ఇప్పటికీ చెప్పుకుంటున్నారట.

ఆయన నిద్రపోతున్నాడు. ఊరికే కూర్చోలేని బుద్ధి నాది. దుప్పటి సర్దాను. అలవాటుగా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టాను. నాడి లేదు. వేళ్ళు జరిపి మళ్ళీ చూశాను. లేదు. మెడ దగ్గర నొక్కి చూశాను. అక్కడా లేదు. ముప్పై నాలుగేళ్ళలో మెడ దగ్గర నాడి దొరకని మనిషిని నేను ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ ఆ మనిషి ఇక లేచిందీ లేదు.

"బాబూ, లేవయ్యా, నాన్నా, నా మాట విను, లే" అంటూ మంచమెక్కేశాను. అరవై ఏడేళ్ళ మనిషిని, ఒక మోకాలు పరుపు మీద, రెండు అరచేతులూ ఆయన గుండె మీద. మొదటి నొక్కు నొక్కబోతుంటే ఆయన కళ్ళు తెరిచాడు.

"పెద్దమనిషీ, నేనింకా పోలేదని ఆవిడకి చెప్పు" అన్నాడు.

వార్డు సిస్టర్ పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేను గనక నాలుగు నొక్కులు నొక్కి ఉంటే లోపల పంపు పక్కకి జరిగి నిజంగానే పీకల మీదికి వచ్చేదట. చిన్న డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, మంచినీళ్ళిచ్చింది.

"ఈ పంపు గుండెలా కొట్టదండీ, గొట్టంలో నీళ్ళలా ఒకే ధారగా తోస్తుంది. గుండె బాగా నీరసంగా ఉండి, పంపే అంతా మోస్తుంటే నాడి చేతికి దొరకదు. తెర మీద చూడండి, గీత ఇంచుమించు సాపుగా ఉంది. కానీ బీపీ సరిపడా ఉంది, మనిషి మాట్లాడుతున్నాడు. పంపు తగ్గించే కొద్దీ ఆ గీతలో అలలు లేవాలి, నాడి తిరిగి రావాలి. మేం ఎదురుచూస్తున్నది దానికోసమే."

"ఇవన్నీ మా కాలంలో లేవమ్మా."

"అందుకే మీరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి" అంది. నిజంగానే అలా కూర్చున్నాను, బడిలో శిక్ష పడ్డ పిల్లలా.

ఆ పిల్ల వెళ్ళాక ఆయన, "పెద్దమనిషీ, ఇందాక ఆవిడ తిన్నగా నాతోనే మాట్లాడింది. బాబూ అంది, నాన్నా అంది. రాసుకో" అన్నాడు.

"పోయినవాళ్ళతో అన్న మాటలు లెక్కలోకి రావని చెప్పు" అన్నాను. ఆయన నవ్వబోయి, కాలు కదులుతుందని ఆపుకున్నాడు. మీ దగ్గర దాపరికమెందుకు, ఆ అరనిమిషంలో నాకు మా అమ్మాయి గుర్తుకు రాలేదు, దాని కాపురం గుర్తుకు రాలేదు. పక్కింటావిడకి వెయ్యబోయిన ఆ సూది గుర్తుకొచ్చింది.

నాలుగో రోజు పంపు తగ్గించి చూశారు. ఎనిమిది నుంచి ఆరు. బాగానే ఉంది. ఆరు నుంచి నాలుగు. పది నిమిషాల్లో బీపీ జారిపోయింది, ఆయనకి ఆయాసం వచ్చింది, నుదురంతా చెమట. వెంటనే ఎనిమిదికి ఎక్కించేశారు. సాయంత్రానికి మూత్రం సంచి టీ డికాషన్ రంగులోకి తిరిగింది. ఆ రంగు ఏమిటో నాకు చెప్పక్కర్లేదు, నెత్తురు నలుగుతోంది.

"పంపుని కాస్త జరిపి సర్దాం. రేపు మళ్ళీ ప్రయత్నిస్తాం" అంది చిన్న డాక్టరమ్మ, బయట వరండాలో నాకూ మా అమ్మాయికీ. "రేపూ దిగలేకపోతే ఇంతకంటే పెద్ద మిషన్ మీదికి మార్చాలి. దాంతో వచ్చే ఇబ్బందులూ పెద్దవే. రేపు దిగితే గట్టెక్కినట్టే." మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

అయిదో రోజు పొద్దున నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన డబ్బా వైపు చూడ్డం లేదు, నా వైపూ చూడ్డం లేదు. "పెద్దమనిషీ, రాత్రి నిద్ర పట్టిందా అడుగు" అన్నాను. దుప్పటి అంచు గడ్డం దాకా లాక్కున్నాడు. మనిషి భయపడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా తాళ్ళకి వేలాడే పెట్టెల మీద నిలబడి పనిచేసినవాడు, రెండు మెట్లు దిగడానికి భయపడుతున్నాడు. నాకూ భయమే. కాకపోతే నాకు భయం వస్తే నోరు లేస్తుంది, ఆ పూట మాత్రం కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

తొమ్మిదింటికి మొదలుపెట్టారు. ఎనిమిది, ఆరు. చిన్న డాక్టరమ్మ ఛాతీ మీద స్కాన్ పెట్టి చూసింది. "నిన్నటికంటే గుండె గట్టిగా పిండుతోంది" అంది. గంట తర్వాత అయిదు. ఇంకో గంటకి నాలుగు. నిన్న పడిపోయింది ఇక్కడే. ఆయన పిడికిలి బిగించాడు. పది నిమిషాలు. ఇరవై. నిలబడింది. మధ్యాహ్నానికి మూడు. ఆ తర్వాత రెండు.

"ఇంతకంటే దించం. పంపుని గుండెలో ఉంచి ఆపేస్తే రక్తం వెనక్కి జారుతుంది. ఈ రెండు మీద గంటసేపు నిలబడితే, రేపు పొద్దున్నే బయటికి తీసేస్తాం" అంది చిన్న డాక్టరమ్మ. పక్క మంచం వాళ్ళు పిలిస్తే, "ఇక్కడే ఉంటాను, తెర చూస్తూనే ఉంటాను" అని అటు వెళ్ళింది.

నేను చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. పంపు రొద బాగా తగ్గిపోయింది. నాలుగు రోజులుగా వినీ వినీ అలవాటైపోయి, ఇప్పుడా నిశ్శబ్దం భరించలేకపోయాను.

"అత్తయ్యా" అన్నాడు.

డబ్బా వైపు తిరగలేదు. నన్నే చూస్తున్నాడు. గారు కూడా లేదు.

"ఆ తెర మీద అంకెలు నేను నమ్మను. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది, పైన లైటు మాత్రం మూడో అంతస్తు అని వెలుగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చూశానో. మీరు నాడి పట్టుకుని చెప్పండి. ఎంత కొట్టుకుంటోందో లెక్కపెట్టి చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను."

నా వేళ్ళు అప్పటికే ఆయన మణికట్టు మీదికి వెళ్ళిపోయాయి. మొదట ఏమీ లేదు. వేలు కాస్త జరిపాను. ఉంది. సన్నగా, బెరుకుగా, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి తలుపు తట్టినట్టు, కానీ ఉంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉందయ్యా" అన్నాను.

"ఎంత?"

ఎడమచేతి గడియారం మొహం ముందుకు తెచ్చుకున్నాను. దూరం పెట్టి చూశాను. దగ్గర పెట్టి చూశాను. తెల్లటి బిళ్ళ, దాని మీద పొగ. సెకన్ల ముల్లు ఎక్కడుందో నాకు కనబడలేదు. కనబడక నాలుగేళ్ళయింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, వెళితే ఈయన మాట నెగ్గినట్టవుతుందని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు కానీ, ఇందాక తర్వాత చెబుతానన్న ముక్క ఇదే. ఆ రోజు పక్కింటావిడ ఇన్సులిన్ సూది మీద అంకెలు నాకు కనబడలేదు, కనబడినట్టే సూదిలోకి పది గీతలకి బదులు నలభై గీతలు లాగాను. ఈయన మందుచీటీతో పోల్చి చూసి, ఆవిడకి కారణం తెలియకుండా నా చేతిలోంచి సూది తీసేసుకున్నాడు. అది వేసి ఉంటే ఆవిడ ఆ పూట లేచేది కాదు. ఆ తర్వాత ఈయన ఆ సంగతి మా అమ్మాయితో కూడా అనలేదు.

"ఎంత అత్తయ్యా?" ఆయన గొంతులో భయం పెరుగుతోంది. ఏదో ఒక అంకె చెప్పెయ్యచ్చు. ఎనభై అంటే పోతుంది, సంతోషిస్తాడు.

"నాకు ముల్లు కనబడటం లేదు బాబూ" అన్నాను. "ఆ రోజూ కనబడలేదు. నువ్వు సూది తీసుకోకపోతే నేనొక మనిషిని చంపేదాన్ని. నాకు ఆ రోజే తెలుసు. నోరు రాలేదు."

నా వేళ్ళ కింద నాడి కాస్త తొందరపడింది, మళ్ళీ సర్దుకుంది.

"పక్కింటావిడ ముందు అని ఉండాల్సింది కాదు నేను" అన్నాడు. "చెయ్యి ఇలా పెట్టండి. గడియారం నాకు కనబడేలా."

ఎడమ చెయ్యి ఆయన మొహం ముందు పెట్టాను. కుడి చెయ్యి మణికట్టు మీదే ఉంది. వంగి కూర్చోవడంతో నడుము పట్టేసింది, కదలలేదు.

"ముల్లు పన్నెండు మీదికొచ్చాక చెబుతాను" అన్నాడు. "మొదలు."

ఒకటి, రెండు, మూడు. పైకే లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర ఒకటి తడబడింది, నా ప్రాణం పోయింది, పంతొమ్మిది వచ్చింది.

"పావు నిమిషం. ఆపండి."

"ఇరవై మూడు."

"నాలుగు ఇరవైమూళ్ళు తొంభై రెండు." కళ్ళు మూసుకుని, తెరిచాడు. "సరిగ్గా లెక్కపెట్టారా?"

"లెక్క నాది, టైము నీది. తప్పుంటే సగం నీదే."

గంట నిండేసరికి చిన్న డాక్టరమ్మ వచ్చి తెర చూసింది, స్కాన్ పెట్టి చూసింది. "రేపు పొద్దున తీసేద్దాం" అంది. బయట కూర్చున్న మా అమ్మాయికి చెప్పడానికి తనే గబగబా వెళ్ళింది. మేం మాత్రం చేతులు తియ్యలేదు. అప్పటికి ఆరుసార్లు లెక్కపెట్టాం.

"ఇంకోసారి చూద్దామా అత్తయ్యా?" అన్నాడు.

"చూడు" అన్నాను, గడియారం ఆయన కళ్ళ ముందుకి జరిపి.